తలా ముప్పై కీర్తనలు

ఫిబ్రవరి 2

చిన్నోడా,

ఎలా ఉన్నావని అడగను, బాగున్నాననే రాస్తావు. ఫోన్లో అడగాల్సిన మాట ఉత్తరంలో ఎందుకంటే, ఫోన్లో నువ్వు నవ్వేసి దాటేస్తావు. కాగితమైతే కనీసం మడత విప్పి చూడాలి కదా.

నాకు చేతకావడం లేదురా. ఇదీ అసలు సంగతి. మిగతాదంతా నా గోడు, ఓపికుంటే చదువు.

నాన్న చివరి జబ్బులో మంచం మీద కూర్చుని, బట్టలు కత్తిరించే కత్తెరతోనే బైబిల్లోంచి కీర్తనల భాగాన్ని విడదీసి ఐదు పుస్తకాలుగా కుట్టిన రోజు నీకు బాగా గుర్తుండకపోవచ్చు. నీకప్పుడు పదిహేడు. దర్జీ మనిషి, పంచిపెట్టడానికి ఇల్లు ఉందా, స్థలం ఉందా? నూటయాభై కీర్తనలు, ఐదుగురు పిల్లలు, తలా ముప్పై. తారీఖుకొకటి. అన్నయ్యకి మొదటి ముప్పై, నాకు 31 నుంచి 60, నడిమోడికి 61 నుంచి 90, చెల్లికి 91 నుంచి 120, చిట్టచివరివి నీకు. ఒకే పేజీలో ఒకరి వాటా ముగిసి ఇంకొకరిది మొదలైన చోట, తెగిపోయిన వచనాలు చేత్తో రాసి అతికించాడు. "ఎవరెక్కడున్నా సరే, నెల తిరిగేసరికి మనింట్లో పుస్తకం మొత్తం చదవడం అయిపోవాలి" అన్నాడు. ఐదుగురం సరేనన్నాం.

ఇప్పుడు ఆ ఐదింటిలో నాలుగు నా దిండు పక్కనే ఉన్నాయి. అన్నయ్య పోయి పదకొండేళ్లు, చెల్లి పోయి ఆరేళ్లు. నడిమోడి సంగతి నీకు తెలిసిందే. నమ్మకం లేదని అందరి ముందూ చెప్పేశాడు, వాడి పుస్తకం నా దగ్గరికొచ్చింది.

పొద్దున ఐదింటికి లేచి అన్నయ్యది చదువుతాను. బస్సులో నాది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆసుపత్రి దుప్పట్ల గదిలో చెల్లిది. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా గోడకు ఆనుకుని నడిమోడిది. విప్పి కూర్చున్నానంటే నిద్ర ముంచుకొస్తుంది. ఈరోజు చెల్లి వాటాలో 92 వచ్చింది. దేవుడి మనుషులు ముసలితనంలో కూడా కాపు కాస్తారట. రోజుకి మూడు వందల దుప్పట్లు మడతపెట్టి, చిరిగినవాటికి మాసికలు వేయడమే నా కాపు, అరవై నాలుగేళ్లకి ఇంతకుమించి కాయలేనని ఆయనకు చెప్పుకున్నాను.

అక్షరాలు అలుక్కుపోతున్నాయి. పైగా ఇది ఫిబ్రవరి. రెండు రోజులు తక్కువ కాబట్టి ఇరవై ఎనిమిదిన ఒక్కో వాటాలోంచి మూడేసి చదవాలి, మొత్తం పన్నెండు. చెల్లి మూడింటిలో 119 ఉంది, నూట డెబ్బై ఆరు వచనాలు. పోయినేడాది సెలవు పెట్టి చదివాను. ఈసారి కళ్లు ఒప్పుకోవు.

చెల్లి పుస్తకం నువ్వు తీసుకో. సరేనంటే రేపే పోస్టులో వేస్తాను. ఒక్కటే అడుగుతున్నాను.

అక్క

*

ఫిబ్రవరి 11

అక్కా,

మడత విప్పాను, రెండుసార్లు చదివాను. కాబట్టి ఆ నింద నా మీద చెల్లదు.

అక్షరాలు అలుక్కుపోతుంటే ఆ ముక్క ముందే చెప్పొద్దా? ఇరవై ఏళ్లుగా కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే తమ్ముణ్ణి పెట్టుకుని ఇలా కష్టపడటం ఏమిటి? మూడేళ్ల కిందట నువ్వొచ్చి పది రోజులున్నప్పుడు తీసుకున్న కొలతలు మా రిజిస్టర్లో ఉన్నాయి. వాటి మీద కొంచెం పవర్ పెంచి కొత్త జత చేశాను. ఈ పార్శిల్లో ఉన్నాయి చూడు. ఫ్రేము నేనే ఎంచాను. మా యజమాని చూసి "ఎవరికి?" అన్నాడు. "మా అక్కకి" అన్నాను. "అయితే ఇంకాస్త పెద్ద ఫ్రేము చూడు, అక్కలకి అన్నీ కనపడాలి" అన్నాడు. ఆయనకీ ఒక అక్క ఉంది.

ఇవి పెట్టుకున్నావంటే 119 పరుగులు పెడుతుంది.

నా వాటా గురించి నువ్వడగలేదు గానీ చెప్తున్నాను. నిన్న పదో తారీఖు కదా, 130. హాయిగా ఉంది. సూర్యుడు, చంద్రుడు, మంచు, వడగళ్లు, అందరూ కలిసి ఆయన్ని స్తుతించడమే. నాన్న చిన్నవాణ్ణని ముద్దు చేసి స్తోత్రాలన్నీ నాకు కట్టబెట్టి, ఏడుపులన్నీ మీ నలుగురికీ పంచాడు.

చిన్నక్క పుస్తకం సంగతి తీరిగ్గా ఆలోచిద్దాం. షాపులో ఊపిరాడటం లేదు. పరీక్షలొస్తే చాలు, పిల్లలందరికీ ఒకేసారి కళ్లు కనపడటం మానేస్తాయి. అసలు నన్నడిగితే, చిన్నక్కతో పాటే ఆమె వాటా కూడా పోయిందనుకోవచ్చు. మనల్ని నిలదీసేదెవరు? ఊరికే అంటున్నాను, కోపం తెచ్చుకోకు.

నీ చిన్నోడు

*

ఫిబ్రవరి 20

చిన్నోడా,

కోపం తెచ్చుకోకు అని రాశావే, సరిగ్గా అక్కడే వచ్చింది.

మూట కాస్త అందుకోమంటే భుజానికి మెత్త పంపావు. ఆ మెత్త కూడా సరిగా లేదు. నీ అద్దాలు పెట్టుకుంటే దీపం చుట్టూ రంగుల చక్రం కనపడుతోంది. తెల్ల దుప్పట్లు పసుప్పచ్చగా ఉన్నాయి. మరకలనుకుని, ఉతికొచ్చినవాటినే రెండు కట్టలు మళ్లీ ఉతకడానికి పంపేశాను. మా సూపర్వైజరు నా కూతురంత పిల్ల. అందరి ముందూ "ఏంటమ్మా, తెలుపు తెలియట్లేదా?" అంది. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఆ మాట పడింది నిన్ననే. అద్దాలు పెట్టెలో పెట్టేశాను.

అది వదిలెయ్. 130లో సూర్యచంద్రులు నీకెక్కడ కనిపించారు? అవి ఉన్నది 148లో. 130 లోతుల్లో పడిపోయినవాడి మొర. కాపలావాళ్లు తెల్లవారడం కోసం చూసేదానికంటే ఎక్కువగా ఎదురుచూస్తున్నానంటాడు. ఎనిమిదే వచనాలు. నేను చదివేవి నాలుగు పుస్తకాలే అయినా ఐదోదీ నాకు తెలుసు. నాన్న కుడుతుంటే సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది నేనే.

నువ్వు చదవడం లేదు. చదవకపోగా చదివానని రాశావు. ఎన్నాళ్లుగా?

ఈరోజు నా వాటాలో 50. నాకు ఆకలైనా నీకు చెప్పనులే అంటాడు దేవుడు అందులో. ఆయన దేవుడు, చెప్పకపోయినా సాగుతుంది. నేను మనిషిని కాబట్టి అలిసిపోయానని నీకు చెప్పుకున్నాను. చెప్పుకోవడమే నా పొరపాటు. మరదలు బతికుంటే నిన్నిలా బద్ధకానికి వదిలేసేదా?

నీ పుస్తకం పోస్టులో పంపించెయ్. నీది కూడా నేనే చదువుతాను. నాలుగు మోసేదాన్ని, ఐదు మోయలేనా?

అక్క

*

మార్చి 6

అక్కా,

పంపను.

ఆ ఒక్క మాట రాసి, రెండు రోజులు ఈ కాగితం బల్ల మీదే ఉంచాను. అంతటితో పోస్టు చేద్దామనుకున్నాను గానీ, బద్ధకం అన్నావు చూడు, ఆ మాట మింగుడు పడలేదు.

మూడేళ్ల కిందట ముప్పయ్యో తారీఖు. వార్డులో నీ మరదలి మంచం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. నర్సు వచ్చి చూసి వెళ్లింది. ఆమె కళ్లు మూసుకునే "ఈరోజుది చదవలేదుగా?" అంది. ముప్పై అంటే 150. సంచీలోంచి తీసి చదివాను. బూరలు, తంబురలు, తాళాలు, ఆరే ఆరు వచనాలు. ఊపిరి ఉన్న ప్రతి ప్రాణీ ఆయన్ని స్తుతించాలనేది చివరి మాట. అది చదివి తలెత్తేసరికి ఆమెకు ఊపిరి లేదు. ఏ వచనం దగ్గర పోయిందో కూడా నాకు తెలియదక్కా. నేను పుస్తకంలోకి చూస్తున్నాను. ఆమె ముఖం చూడాల్సిన నిమిషంలో పుస్తకం చూశాను.

ఆ పుస్తకం బీరువాలో ఆమె చీరల కింద ఉంది. దేవుణ్ణి తిట్టలేదు. ఆదివారం చర్చికెళ్లి వెనక బెంచీలో కూర్చుంటూనే ఉన్నాను. స్తోత్రం మాత్రం గొంతు దాటి రావడం లేదు. నీకు తెలిస్తే బాధపడతావని అబద్ధం రాశాను, అది కూడా సరిగా రాయలేకపోయాను.

నా పేరు మీద నువ్వు స్తుతించకు. అప్పుడు అది నీ నోటితో చెప్పిన అబద్ధం అవుతుంది. నడిమన్నది లాక్కున్నావు. నాది కూడా లాక్కుంటావా?

ఇంకొకటి. అది అద్దాల తప్పు కాదు. దీపం చుట్టూ చక్రాలు, తెలుపు పసుపైపోవడం, ఇవి శుక్లం లక్షణాలు. కంటి లోపలే పొర కమ్మితే నేను పైన ఎంత పవర్ పెంచినా ఏం లాభం? ఇన్నేళ్ల పనివాణ్ణి, మొదటి ఉత్తరంలోనే పోల్చుకోవాల్సింది. అడక్కుండానే అద్దాలు బిగించి పంపి చేతులు దులుపుకున్నాను. నువ్వుండేదే ఆసుపత్రిలో. దుప్పట్ల గదికీ కళ్ల డాక్టరు గదికీ ఎన్ని అడుగులు?

తమ్ముడు

*

ఏప్రిల్ 9

నాయనా,

నెల పైన పట్టింది జవాబు రాయడానికి. నాలుగైదుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఏం రాసినా ముందు రాయాల్సింది ఒకటే. నన్ను క్షమించు. మరదలు పోయాక ఆ పది రోజులూ నేను నీ ఇంట్లోనే ఉన్నాను. వంట చేశాను, వచ్చినవాళ్లకు కాఫీలు ఇచ్చాను, నువ్వు అడిగావని కళ్లకు కొలతలు కూడా ఇచ్చాను. ఆ రోజు ఎలా జరిగిందని మాత్రం నిన్ను అడగలేదు. అడిగితే ఏడుస్తావని భయమేసింది. నీ పుస్తకం జోలికి రాను. నిన్ను చదవమనీ అనను.

లాక్కున్నావన్నావు. అది కూడా నిజమే. నా దగ్గరికొచ్చింది అని రాస్తూ వచ్చాను ఇన్నేళ్లూ, దానికి కాళ్లున్నట్టు. అన్నయ్య సమాధి దగ్గర నడిమోడు "ఇవన్నీ గాలిలో కలిసిపోయే మాటలక్కా, వినేవాడు ఎవడూ లేడు" అన్నాడు గుర్తుందా? అప్పటికి మట్టి కూడా పూర్తిగా వేయలేదు. వాడి జేబులోంచి ఆ పుస్తకం నేనే లాగాను. "అయితే ఈ ఇంట్లో నీకు వాటా లేదు, నీది నేను చదువుకుంటాను" అన్నాను. ఆ తర్వాత మా ఇద్దరికీ మాటల్లేవు.

నీకు ఇంకో నిజం చెప్పాలి. నేను భక్తితో చదువుతున్నానని మీరంతా అనుకుంటారు. చాలా ఏళ్లుగా అది కుట్టుమిషన్ తొక్కినట్టే సాగుతోంది. కాలు ఆడుతుంది, గుడ్డ కదులుతుంది, మనసు ఎక్కడో ఉంటుంది. ఆయన వింటున్నాడా లేదా అని అడగడం ఎప్పుడో మానేశాను. ఆపితే ఏమవుతుందోనన్న భయం ఒక్కటే లేపి కూర్చోబెడుతోంది. అన్నయ్యది ఆపితే అన్నయ్య రెండోసారి పోతాడు. నడిమోడిది ఆపితే వాణ్ణి నేను గెంటేసినట్టే ఖాయం అవుతుంది. ఐదుగురిలో చివరికి ఆపేసినదాన్ని నేనే అవుతాను.

ఈ తొమ్మిదో తారీఖంటే నాకు భలే ఇష్టం. వాడి వాటాలో 69, కేకలు వేసి వేసి అలిసిపోయాను, గొంతు ఎండిపోయింది, కళ్లు మసకలు కమ్మాయి అంటాడు. నా వాటాలో 39. దాని చివర, కాసేపు నావైపు చూడకు, కొంచెం తెరిపిన పడనివ్వు అంటాడు. దేవుణ్ణి పట్టుకుని అలా అనొచ్చని నాన్నకి తెలిసే ఇచ్చాడేమో.

డాక్టరు చూశాడు. నువ్వన్నదే. రెండు కళ్లూ పాడయ్యాయి, ముందు కుడికన్ను, మే 28న. తర్వాత నెల రోజులు పుస్తకం ముట్టుకోకూడదట. దుప్పట్ల గదికి కూడా సెలవే.

నడిమోడు ఉండేది మీ ఊళ్లోనే కదా. నా తరఫున ఒకసారి వెళ్లు. ఆ నెల రోజులైనా వాడి వాటా వాడు తీసుకుంటాడేమో అడుగు. నేనడిగానని చెప్పు. నువ్వు అడిగినట్టు చెప్పకు.

అక్క

*

మే 5

అక్కా,

వెళ్లొచ్చాను. ఆలస్యానికి కారణం పని కాదు, పిరికితనం. మూడు ఆదివారాలు ఆ వీధి చివరిదాకా వెళ్లి వెనక్కొచ్చాను.

నడిమన్న కొట్టు నువ్వు చూడలేదు. కొట్టంటే కొట్టు కాదు, బ్యాంకు మెట్ల పక్కన ఒక చెక్క డబ్బా, మీద గొడుగు, చుట్టూ తీగలకు గుచ్చిన తాళంచెవులు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఎవరిదో బీరువా తాళంచెవికి నకలు చేస్తున్నాడు. నన్ను చూసి "కూర్చో" అని డబ్బా పక్కనున్న ముక్కాలిపీట చూపించాడు. ఆకురాయి ఆపలేదు.

"అక్కకి కంటి ఆపరేషన్" అన్నాను.

"ఏ కన్ను?"

"కుడిది. నెల రోజులు చదవకూడదట. ఆ నెలా నీ వాటా నువ్వు చూసుకుంటావేమో అడగమంది. అక్కే అడగమంది."

అప్పుడు ఆపాడు. "నా వాటా అక్క చదువుతోందా?"

"పదకొండేళ్లుగా."

తాళంచెవి మీద రజను ఊదాడు. "ఎందుకూ? నేను చదువుతూనే ఉన్నాగా" అన్నాడు.

నమ్మకం లేదన్నావు కదా అన్నాను.

"వినేవాడు లేడన్నాను. చదవనన్నానా? సరేనని మాటిచ్చింది నాన్నకి, దేవుడికి కాదు."

"పుస్తకం అక్క దగ్గరుందిగా."

"పాతికేళ్లు చదివినవి నోటికి రావా? లాక్కుంటే పుస్తకం పోతుంది గానీ అవెక్కడికి పోతాయి? పొద్దున కొట్టు తెరిచేటప్పుడు అనుకుంటాను. అయిపోతుంది."

నమ్మకం లేకుండా ఎలా అనుకుంటావని అడిగాను. నా కోసమే అడిగాను నిజానికి. నడిమన్న నకలు చెవినీ అసలు చెవినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటూ చెప్పాడు. "ఇరవై ఎనిమిదో తారీఖున 88 వస్తుంది. చివరికి నాకు మిగిలింది చీకటే అని అక్కడితో ఆగిపోతుంది. ఓదార్పు ముక్క ఒక్కటి ఉండదు. అంత నిజం చెప్పిన పుస్తకం కాబట్టి మిగతావాటిని కూడా మర్యాదగా చదవొచ్చనిపిస్తుంది."

తర్వాత బీరువా మనిషి వచ్చాడు, బేరం మొదలైంది. నేను లేచేటప్పుడు ఒక్కమాట అన్నాడు. "నాది నేను చూసుకుంటానని చెప్పు. అన్నయ్యది, చెల్లిది కూడా ఆపెయ్యమను. పోయినవాళ్లు ఇంకా తారీఖులు చూసుకుంటారా? ఆపరేషన్ ఎక్కడ?" చెప్పాను. చీటీ మీద రాసుకున్నాడు.

నాకు తిరుగుదారంతా నవ్వొచ్చింది అక్కా. ఒక వాటాని ఇద్దరు చెరో చోట మోశారు, నాది ఎవరూ మోయలేదు. నాన్న కుట్టింది ఒకటి, మనం నడిపింది ఒకటి. నవ్వయ్యాక ఇంటికొచ్చి బీరువా ముందు నిలబడ్డాను. తెరవలేదు. నీకు అబద్ధం రాయకూడదని చెప్తున్నాను.

ఆపరేషన్‌కి నేనొస్తాను. నాలుగు రోజులు సెలవిచ్చాడు యజమాని.

నీ చిన్నోడు

*

మే 14

చిన్నోడా,

నీకు నవ్వొచ్చింది. నాకు ఒళ్లు మండింది.

పదకొండేళ్లు. జ్వరమొచ్చినా చదివాను, చెల్లిని మట్టిచేసి వచ్చిన సాయంత్రం చదివాను. అక్కడ ఆ మహానుభావుడు గొడుగు కింద కూర్చుని నోటికి చెప్పుకుంటున్నాడా? ఒక్క ముక్క కబురు పంపితే ఏం పోయేది? కనీసం చెప్పులు విప్పుకుని కూర్చునేదాన్ని.

రెండు రోజులు ఇలా తిట్టుకున్నాక గుర్తొచ్చింది, వాడు కబురు పంపడానికి నేను దారి ఎక్కడ ఉంచానని. వాటా లేదన్నది నేను. వాడు నా గడప తొక్కి చదువుతున్నానని చెప్పాలా?

ఇప్పుడు కోపం పోయింది, దాని చోట ఏమీ లేదు. అది ఇంకా కష్టంగా ఉంది. వాడిది ఆపేశాను. నిన్న సాయంత్రం ఇంటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను, చేతుల్లో ఏం పెట్టుకోవాలో తెలియలేదు. ఇరవై ఎనిమిది నుంచి మిగతా మూడూ ఆగిపోతాయి. తర్వాత మళ్లీ మొదలుపెడతానో లేదో తెలియదు. ఈ పుస్తకాలు పక్కన పెడితే నాకంటూ ఒక ప్రార్థన ఉందా అని చూసుకున్నాను. నిజంగా చూసుకున్నాను, కళ్లు మూసుకుని, మోకాళ్ల మీద. అలిసిపోయాను అనే మాట తప్ప ఇంకేదీ దొరకలేదు. అదే నాలుగుసార్లు చెప్పి లేచాను.

వచ్చేటప్పుడు పెద్ద సంచీ తేకు, నా గదిలో చోటు లేదు.

అక్క

*

జూన్ 11

చిన్నోడా,

ఒంటికన్నుతో రాస్తున్నాను. అక్షరాలు ఏనుగుల్లా ఉంటాయి, సర్దుకో. రాయడం కూడా ఇప్పుడే కూడదట. పది నిమిషాలని డాక్టరుతో బేరమాడాను.

నువ్వు బస్సెక్కిన మర్నాడు పొద్దున తలుపు చప్పుడైతే పాలమనిషి అనుకున్నాను. నడిమోడు, భుజాన పనిముట్ల సంచీ. "చుక్కలు ఎవరు వేస్తున్నారు?" అన్నాడు. పదకొండేళ్ల తర్వాత మొదటి మాట అది. నేనే వేసుకుంటున్నానన్నాను. కంటికి గురి కుదరక మందంతా చెవిలోకి కారుతోందని చెప్పలేదు గానీ, దిండు చూసి కనిపెట్టాడు. నువ్వు పంపావో, వాడంతట వాడే వచ్చాడో నేను అడగలేదు. నువ్వు కూడా రాయకు.

రోజుకి నాలుగుసార్లు చుక్కలు. చేతులు కడుక్కుని వచ్చి కట్టు విప్పుతాడు, "పైకి చూడు, రెప్ప వేయకు" అంటాడు, అయిపోగానే మళ్లీ కట్టేసి ముందు గదిలోకి పోతాడు. వంట కూడా వాడే. ఉప్పు ఎక్కువేస్తున్నాడు. మాకు మాటలు పెద్దగా లేవు. నాలుగో రోజు నేనే వాడి పుస్తకం తీసి చాపాను. "ఆ రోజు లాక్కోకుండా ఉండాల్సింది. నీ వాటా నీదే. నాదే తప్పు" అన్నాను. వాడు పుస్తకం అటూ ఇటూ తిప్పి, నాన్న చేత్తో రాసి అతికించిన కాగితం దగ్గర కాసేపు ఆగాడు. "కుట్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి" అని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అంతే.

ఇన్నాళ్లూ నేను ఒక్క కీర్తనా చదవలేదు. పద్నాలుగు రోజులు. మొదటి రెండు రోజులు ఐదింటికే మెలకువ వచ్చి, ఎవరో బయట ఎదురుచూస్తున్నట్టు కంగారుగా ఉండేది. తర్వాత నిద్రపోయాను. ఎనిమిదింటిదాకా నిద్రపోయానురా, ఊహ తెలిశాక ఎప్పుడూ లేదు. ఎవరూ పోలేదు. అన్నయ్య కూడా ఉన్నచోటే ఉన్నాడు.

ఈ పొద్దున ఒకటి జరిగింది, అది చెప్పడానికే ఈ పది నిమిషాలు. నా తలుపు గడియ చాలా కాలంగా పట్టేస్తోంది కదా, వాడు దాన్ని విప్పి కింద కూర్చుని బాగుచేస్తున్నాడు. నేను కంటికి కట్టుతో గోడవైపు తిరిగి పడుకున్నాను. నిద్రపోతున్నాననుకున్నాడు. పని చేసుకుంటూ చిన్నగా మొదలుపెట్టాడు. పదకొండో తారీఖు, 71. పాట లేదు, భక్తి లేదు, మనం మన సామాను పేర్లు చదువుకున్నట్టు చెప్పుకుపోతున్నాడు. మధ్యలో ఒక వచనం ఉంది. ముసలితనం వచ్చాక నన్ను పారేయకు, నా బలం ఉడిగిపోయినప్పుడు నన్ను వదిలేయకు. అక్కడికొచ్చాక స్క్రూడ్రైవర్ చప్పుడు ఆగింది. వాడి గొంతు మామూలుగానే ఉంది. మళ్లీ అదే వచనం మొదటినుంచి అన్నాడు.

ఆ కీర్తన నేను వాడి పేరు మీద పదకొండేళ్లు, నెలకోసారి, చెప్పులు కూడా విప్పకుండా చదివాను. అందులో ఏముందో ఈరోజే విన్నాను. వినేవాడు ఎవడూ లేడని వాడు ఇప్పటికీ అంటాడు, నేను వాదించను, నాకు ఓపిక లేదు. కానీ నేను విన్నానురా. గోడవైపు తిరిగి, కదలకుండా, చివరిదాకా విన్నాను.

కట్టు తడిస్తే డాక్టరు తిడతాడని ఏడవకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

నీ పుస్తకం ఉన్నచోటే ఉండనీ. దాని గురించి నాకేమీ రాయనక్కర్లేదు. నువ్వు భోజనం వేళకి తింటున్నావా లేదా, అది రాయి.

ఇక ఆపుతాను. ముందు గదిలో వాడు చేతులు కడుక్కుంటున్నాడు, చుక్కల వేళైంది.

అక్క